పాత ప్లేయరులో అండాలు గొంతు

ఆగస్టు 6, 2006, ఆదివారం

ఇవాళ కూడా పాడలేదు. బియ్యం కడిగింది, పప్పు ఏరింది, బట్టలు ఆరేసింది... ఒక్క కూనిరాగం లేదు. మా ఆవిడ అండాలు నోరు మూసుకుని బియ్యం కడగడం నా కాపురంలో నేను చూడలేదు. ఇంట్లో పాడేది ఇప్పుడు కుక్కర్ ఒక్కటే.

ఆ డిస్కు పెట్టకపోయినా బాగుండేది. పోయిన బతుకమ్మకు మా అమ్మాయి స్వప్న వాళ్ల కాలేజీ నుంచి సుజాత మేడమ్ వచ్చి, మా గల్లీ ఆడవాళ్ల పాటలు రికార్డు చేసుకుని సంగారెడ్డి వెళ్లిపోయింది. మంచి మైకు, మంచి మిషను. మొన్న దాన్ని డిస్కు చేసి మా అమ్మాయి చేతికిచ్చి పంపింది. నేను ఊరుకుంటానా. కంప్యూటర్లో పెట్టి, దాని ప్లాస్టిక్ స్పీకర్లు ఫుల్లుగా తిప్పి, ఎదురింటి వీరమణిని కూడా పిలిచాను.

అండాలు గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. రెండు చరణాలు విన్నది.

"గది నా గొంతు గాదు."

"నీదేనమ్మా," అంది స్వప్న.

"రేకు డబ్బల రాళ్లేసి ఊపినట్టున్నది. ఇన్నేండ్ల సంది గిట్లనే పాడుతున్ననా నేను? ఒక్కలన్న చెప్పకపోతిరి!"

వీరమణి నవ్వింది. నవ్వకుంటే బాగుండేది.

ఈసారి బతుకమ్మకు పాట ఎత్తుకోదట. వీరమణినే ఎత్తుకోమని చెప్పేసింది. మా గల్లీలో ముందు పాట అండాలుది, వెనక కోరస్ మిగతా అందరిదీ. మేమీ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ అంతే.

ఆగస్టు 7

పొద్దున బొల్లారం బస్సులో కిటికీ పక్క సీటు. ఆలోచన ఒకటే. ఫ్యాక్టరీలో నా పని మీటర్లు చూడడం. మీటరు పిచ్చి నంబరు చూపిస్తే ముందు మీటర్నే అనుమానించాలి, బాయిలర్ని కాదు — కొత్తగా చేరిన వాళ్లకు నేను చెప్పే మొదటి మాట అదే. అండాలు గొంతుకు ఏ రోగమూ లేదు. మీటరే తప్పు.

ఆగస్టు 9

కంప్యూటర్ వదిలేసి డిస్కును డీవీడీ ప్లేయర్లో వేశాను. పాత చెక్క స్పీకర్లు, నేను పెళ్లికి ముందు చేసుకున్న యాంప్లిఫయర్. కొంచెం నయం. కానీ 'స' వచ్చిన చోటల్లా బ్లేడు గీసినట్టే ఉంది. చప్పట్లు అయితే పేలాలు వేగినట్టున్నాయి. స్పీకర్లు కాదు దొంగ. డీవీడీ ప్లేయరు.

అండాలు వంటింట్లోంచే, "బంద్ చెయ్యి గది," అంది. చేశాను.

ఆగస్టు 13, ఆదివారం

దొరికింది!

మొయిన్ భాయ్ పాత సామాన్ల కబాడీ దుకాణం. మూతబడ్డ ఏదో కంపెనీ గెస్ట్‌హౌస్ సామాన్లు వచ్చి పడ్డాయి. కూలర్లు, మంచాలు, కర్టెన్ రాడ్లు. వాటి కింద, నల్లగా, బరువుగా, సీడీలు కొత్తగా వచ్చిన కాలం నాటి ప్లేయరు. ఒక చేత్తో లేపలేకపోయాను. ఇప్పటి ప్లేయర్లను చిటికెన వేలితో లేపొచ్చు.

"దాని లెన్స్ ఖతం భాయ్," అన్నాడు మొయిన్. "డిస్క్ చదవది. ఇంజిన్ లేని లారీ అది. ఏం జేస్తవ్ తీస్కపోయి?"

"చదివేటోడు పోయిండు భాయ్. పాడేటోడు ఉన్నడు లోపల."

మొయిన్ నా ముఖం చూశాడు. "షిఫ్ట్ డ్యూటీ జాస్తి అయితున్నట్టుంది నీకు," అని చాయ్ తెప్పించాడు.

ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో తెచ్చాను. పక్కన కూర్చున్న ముసలాయన, అందులో అన్నం వండుకోవచ్చా అని అడిగాడు.

ఆగస్టు 15

ఫ్యాక్టరీలో జెండా ఎగరేసి, లడ్డూ తిని ఇంటికి. మూత విప్పాను. దుమ్ము, ఒక ఎండిన బల్లి, ఆ కింద... కిరీటం!

అవును. నల్ల చిప్పు నెత్తిన చిన్న కిరీటం ముద్ర. పుస్తకాల్లో బొమ్మ చూశానంతే, ముట్టుకున్నది ఇవాళే. తయారైన చిప్పుల్లో మేలైనవి ఏరి వాటికే ఆ ముద్ర వేసేవారట. చేతులు కడుక్కుని మళ్లీ ముట్టుకున్నాను.

విషయం చిన్నదే. డిస్కులో పాట ఉండదు, అంకెలుంటాయి. అంకెల్ని మళ్లీ గొంతుగా మార్చే చిప్పు ఒకటి కావాలి. డీవీడీ ప్లేయర్లో ఆ పని చేసేది చవక రకం. ఇందులో ఉన్నది రాజు. డీవీడీ ప్లేయరు వెనక అంకెలు బయటికి పంపే రంధ్రం ఉంది. అది అంకెలు చదివి పంపాలి, వీడు పాడాలి. ఇద్దరి మధ్య ఒక వైరు. చిప్పుకు లెన్స్ వైపు నుంచి వచ్చే దారి తెంపి, కొత్త దారి వెయ్యాలి. అంతే. అంతే అనడం తేలిక.

అండాలు వచ్చి, "ఏం జేస్తున్నవ్?" అంది. ఆ రోజు తర్వాత తనంతట తాను నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

"డ్యాక్ చేస్తున్న." అంకెల్ని పాటగా మార్చేదానికి పుస్తకంలో ఆ పేరే ఉంది.

"డాకా? పోస్టాఫీసు వెడ్తవా ఇంట్ల?"

"అసుంటిదే. అంకెలస్తె పాటలిస్తది."

"నా పాట మాత్రం ఇయ్యకు," అని బల్లిని చీపురుతో తీసుకుపోయింది.

ఆగస్టు 17

వీరమణి గేటు దగ్గర ఆపి, ఇంట్లో డాక్ పెడుతున్నామట కదా, రిజిస్టర్ పోస్టు కూడా తీసుకుంటామా అని అడిగింది. అండాలు పని.

ఆగస్టు 20, ఆదివారం

కోఠీకి పోయి అంకెలు అందుకునే చిన్న బోర్డు తెచ్చాను. మధ్యాహ్నమంతా టంకం పని. స్వప్న ఫ్యాను ఆపనివ్వదు, ఫ్యాను వేస్తే టంకం చల్లారుతుంది. చివరికి తను చదువుకోడానికి వీరమణి ఇంటికి పోయింది.

చాలా రోజుల తర్వాత ఇంత హాయిగా ఉంది. పొగ, రెసిన్ వాసన, సన్నటి తీగ. ఫ్యాక్టరీలో ఏది విప్పినా ముందు పర్మిట్ కావాలి. ఇక్కడ ఎవరి పర్మిట్టూ అక్కర్లేదు.

ఆగస్టు 24

పని చేస్తోంది.

స్వప్న దగ్గరున్న ఒక వీణ డిస్కు వేసి చూశాను. వేలు తీగ మీద జారే చప్పుడు... తీగ కంటే ముందు వేలు వినపడింది.

అండాలు డిస్కు మాత్రం వెయ్యలేదు. తనకంటే ముందు నేను వినకూడదనిపించింది. పండుగ నాడు వినిపిస్తా. మూడు రోజులే.

ఆగస్టు 27, వినాయక చవితి

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున పూజ బ్రహ్మాండంగా జరిగింది. స్వప్న పుస్తకాలు, నా పనిముట్ల పెట్టె దేవుడి ముందు. నల్ల ప్లేయర్ని కూడా అండాలే మోసుకొచ్చి పెట్టింది, పసుపు కుంకుమ పెట్టింది. మనసు మెత్తబడిందని నేను లోలోపల మురిసిపోయాను. కథ చదివాక అందరి నెత్తిన అక్షింతలు, దేవుడి మీద అక్షింతలు, పుస్తకాల మీద, పెట్టె మీద...

సాయంత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "ఇగ ఇను," అన్నాను, పెద్ద మొనగాణ్ణి. బటన్ నొక్కాను.

కరకర. బరబర. ఎడమ స్పీకరు చచ్చింది. కుడి వైపు అండాలు గొంతు ముక్కలు ముక్కలుగా, ఎవరో పీక నొక్కి వదులుతున్నట్టు.

తను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. లేచి చీర కుచ్చిళ్లు సవరించుకుని, "చెప్పిన గద," అంది. వంటింట్లోకి పోయింది. ఉండ్రాళ్లు చప్పగా ఉన్నాయి నాకు. ఉప్పు సరిగానే ఉందంది స్వప్న.

ఆగస్టు 28

కిరీటం కాలిపోయిందా? ఆ ఆలోచనే భరించలేకపోతున్నా. అలాంటిది మళ్లీ ఎక్కడ దొరుకుతుంది.

ఆగస్టు 30

వైరు మార్చాను. కాదు.

సెప్టెంబర్ 2

కొత్త బోర్డు మీద టంకం మళ్లీ వేశాను. కాదు. కరెంటు ఇచ్చే భాగం చూశాను. కాదు. చిప్పు వైపు చూడడానికి భయం. అదే అని తేలితే ఇక చేసేదేమీ లేదు.

బతుకమ్మ దగ్గర పడుతోంది. వీరమణి వాళ్లింట్లోంచి పాట సాధన చేస్తున్న చప్పుడు. తాళం తప్పుతోంది. అండాలు కూరగాయలు తరుగుతూ, వీరమణి తాళం తప్పిన ప్రతిసారీ కత్తి ఆపుతోంది. నోరు మాత్రం విప్పదు.

సెప్టెంబర్ 5

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను.

టార్చి వేసుకుని, భయం చంపుకుని, చిప్పు కాళ్ల మధ్య చూశాను. ఒక బియ్యపు గింజ. పచ్చగా, ఉబ్బి, రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని. దాని చుట్టూ పసుపు మరక. మూత మీద గాలాడ్డానికి ఉన్న సందులు సరిగ్గా కిరీటం పైనే. అక్షింతలు! దేవుడికి పడాల్సినవి చిప్పుకు పడ్డాయి. తడి పసుపు, రెండు కాళ్ల మధ్య కరెంటుకు అడ్డదారి.

స్పిరిట్, మెత్తటి బ్రష్. చిన్నపిల్ల పళ్లు తోమినట్టు తోమాను. ఆరబెట్టాను. వీణ డిస్కు. రెండు వైపులా... బతికాడు రాజు.

గింజను అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి పోయాను. "గిదీ సంగతి."

"ఏందది?"

"నీ అక్షింత. మిషన్ల వడ్డది. గొంతు వట్టింది."

"దేవుని అక్షింతల మీద నింద వెడ్తవా? కండ్లు వోతయ్!" కొంగు బిగించింది. ఇక నాకు పడ్డాయి అసలు అక్షింతలు. మిషను మూత మీద సందులు ఎందుకు పెట్టావ్, పెట్టినోడివి గుడ్డ ఎందుకు కప్పలేదు, పూజ కాడ పెట్టొద్దని ఎందుకు చెప్పలేదు. సందులు పెట్టింది నేను కాదు, జపాన్ వాళ్లని చెప్పబోయాను.

"జపానోనికి తెల్వదా, మనం అక్షింతలేస్తమని!"

అని, తన మాటకు తనే నవ్వేసింది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకానుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా. ఆ నవ్వు విని ఎన్నాళ్లయింది. పాట ఎప్పుడొస్తుందో కానీ నవ్వు వచ్చింది. ఇవాళ్టికి చాలు.

సెప్టెంబర్ 10, ఆదివారం

అండాలు సంతకు పోయింది. ఇంకోసారి పండుగ నాటిలా కావద్దని, ఈసారి తన డిస్కు ముందు నేను విన్నాను. స్వప్న పక్కనే.

ఏం చెప్పను. గల్లీకి గల్లీ ఇంట్లోకి వచ్చేసింది. ఎవరి చప్పట్లు ఎక్కడున్నాయో తెలుస్తోంది. గాజులు. ఎవరిదో పసిబిడ్డ వెక్కిళ్లు. మధ్యలో అండాలు గొంతు, కొంచెం బొంగురు, కింద మెత్తగా, మీదికి పోయినప్పుడు పల్చబడకుండా. నేను రోజూ వినే గొంతు. అదే. అచ్చంగా అదే.

పాట చివర ఎవడో వెనక నుంచి, "ఇగ నడువుండ్రి, చీకటైతున్నది," అని ముక్కుతో అరిచాడు.

"ఎవడే వీడు? పాటంతా ఖరాబు చేసిండు," అన్నాను.

స్వప్న పుస్తకం మూసి నా వైపు చూసింది. "నువ్వే నాయినా."

మళ్లీ పెట్టించాను. మాట నాదే, ఆ మాట అన్న గుర్తూ ఉంది. గొంతు మాత్రం నాది కాదు. నా గొంతు గంభీరంగా ఉంటుంది కదా?

"ఎవలకు వాళ్లది గట్లనే అనిపిస్తదట. లోపల ఎముకల నుంచి ఇనవడ్తది గద మనకు. మేడమ్ చెప్పింది."

సెప్టెంబర్ 11

బస్సులో కూర్చుని తేల్చుకున్నాను. మీటరు బాగు చేశాను. అయినా అండాలు "నాది గాదు" అనే అంటుంది. కిరీటమే కాదు, సింహాసనం పెట్టినా అంటుంది. మిషను ఎంత మంచిదైతే అంత ఖాయంగా అంటుంది. పాపం, తను విన్న గొంతు లోకంలో ఇంకెవరూ వినలేదు. లోకం విన్న గొంతు తను వినలేదు.

సెప్టెంబర్ 17, ఆదివారం

అండాలుకు వినిపించడం వాయిదా. స్వప్న రోజూ కళ్లతో అడుగుతోంది. బీ షిఫ్ట్ అని ఒక వారం దాటేశాను. ఈసారి కూడా కాదంటే, బతుకమ్మకే కాదు, ఇక ఎన్నడూ పాడదు. నాకు ఆ భయం ఉంది. బియ్యం కడిగేటప్పుడు కూడా పాడని ఇల్లు ఎట్లుంటుందో ఈ నెలన్నరగా చూస్తున్నాను.

సెప్టెంబర్ 21, గురువారం

మెల్లగా రాయాలి.

రేపు ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. అండాలు, వీరమణి పొద్దున్నే గునుగు పూలకు పోయారు. తిరిగి రావడానికి చాలా సేపు పడుతుందనుకుని, నేను డిస్కు పెట్టుకుని కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. రెండో పాట. వాళ్లమ్మ రాజవ్వ నాట్లప్పుడు నేర్పిందని చెప్పే పాట.

గడపలో అలికిడి. అండాలు. ఒళ్లో గునుగు కట్ట, కాళ్లకు బురద. ఎప్పుడొచ్చిందో.

"ఎవలొచ్చిండ్రు ఇంట్లకు?"

"ఎవలు రాలే."

"ఎవలు పాడుతున్నరు మరి?"

నేను స్పీకర్ల వైపు చూపించాను. "నువ్వే."

చాలాసేపు విన్నది. బురద కాళ్లతో లోపలికి రాదు ఎప్పుడూ, వచ్చేసింది. స్పీకరు దగ్గర కింద కూర్చుంది.

"గది నా గొంతు గాదు," అంది.

ఆపుదామని చెయ్యి పెట్టాను. చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మది."

రాజవ్వ పోయినప్పుడు స్వప్న ఇంకా కడుపులో ఉంది. ఫోటో అంటే రేషన్ కార్డు మీదిదే. గొంతు ఎవరు రికార్డు చేస్తారు, నాట్లేసే మనిషిది. పాట అయిపోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. గునుగు పూలు ఒళ్లోనే ఉన్నాయి. ఏడుస్తోందనుకున్నాను, లేదు. చంటిపిల్లలు లైటును చూసినట్టు చూస్తోంది స్పీకర్ని.

చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, "నీ డాకు పాడుగాను," అంది. "యాడికెల్లి పట్టుకచ్చిందయ్యా మా అమ్మను."

సెప్టెంబర్ 22, ఎంగిలిపూలు

పోయింది. వలయంలో నిలబడింది, చప్పట్లు కొట్టింది. ముందు పాట వీరమణిదే. అండాలు కోరస్ కూడా అనలేదు.

నేను అడగలేదు. తనే చెప్పింది, అన్నం పెడుతూ. "నేను పాడితె అమ్మ అందరికి ఇనవడ్తది. నాకే ఇనవడది. పాడకుంట ఇంట్ల కూసుంటె నాకు ఇనవడ్తది."

పెరుగు అడిగాను.

సెప్టెంబర్ 26

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టమంటోంది. పెడుతున్నాను. తను సంతోషంగా ఉంది, ఇల్లు నిండుగా ఉంది. నేనూ సంతోషంగానే ఉన్నాను, దాచుకోవడమెందుకు. కానీ బియ్యం కడిగేటప్పుడు ఇంకా మౌనమే. మిషను పాడుతుంటే మనిషి ఊరుకుంది. నేను బాగు చేసింది ఇందుకా?

సెప్టెంబర్ 29, శుక్రవారం

అండాలు చెల్లెలు బాలమణి భానూర్ నుంచి వచ్చింది, రేపటి సద్దుల బతుకమ్మకు, పండుగ ఆఖరి రోజుకు. అండాలు చీర మార్చుకోనివ్వకుండానే కూర్చోబెట్టింది. "ఇను. అమ్మ." నన్ను చూసి సైగ. బటన్ నొక్కాను.

బాలమణి శ్రద్ధగా విన్నది. అక్క ముఖం, స్పీకరు, మళ్లీ అక్క ముఖం.

"నువ్వే గదనే అక్కా. మంచిగ పాడినవ్."

"నేను గాదే. మంచిగ ఇను. అమ్మ."

"నువ్వే. ఏంది బావా, అక్క గిట్లంటది?"

నేను రిమోట్ బ్యాటరీలు చూస్తున్నట్టు నటించాను. వాళ్లమ్మ పోయేనాటికి బాలమణి చాలా చిన్నది. గొంతు గుర్తుందో లేదో. తనూ అదే అంది, మెల్లగా... "నాకు అమ్మ గొంతు యాదికి లేదక్కా. మొకం యాదున్నది. గొంతు లేదు."

అండాలు చెల్లెలి తల నిమిరింది. డిస్కు ఆపమంది. మళ్లీ పెట్టమనలేదు. ఇద్దరూ తంగేడు పూలు విడదీస్తూ కూర్చున్నారు. మధ్యలో అండాలు ఒక్క మాట: "అమ్మ పోయిననాడు ఇంత చిన్నగున్నవ్ నువ్వు, పెద్దమ్మ ఒళ్లె పండుకున్నవ్..." తర్వాత వినపడలేదు.

సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

ఇంట్లో నేనొక్కణ్ణే. స్వప్న కూడా పట్టు లంగా కట్టుకుని వాళ్లతో పోయింది. అండాలు నిలువెత్తు బతుకమ్మ పేర్చింది, ఎత్తి నెత్తిన పెట్టడానికి నా సాయం, బాలమణి సాయం కావలసి వచ్చింది. ఎల్లుండి దసరా, అదే రోజు గాంధీ జయంతి. మటన్ రేపే తెచ్చుకోవాలి. మొయిన్ భాయ్‌కి చెప్పాను, తనకు తెలిసిన దుకాణం ఉందట.

కిటికీలోంచి వీధి కనపడుతోంది. బతుకమ్మలన్నీ మధ్యలో దించారు. దీపాలు. చప్పట్లు మొదలయ్యాయి. ఇంకా ఎవరూ పాట ఎత్తుకోలేదు. వీరమణి గొంతు సవరించుకుంటోంది...

పాట లేచింది. రాజవ్వ నాట్ల పాట.

అలవాటున ప్లేయరు వైపు చూశాను. లైటు వెలగడం లేదు. పైన గుడ్డ కప్పి ఉంది, అండాలే కప్పింది, అక్షింతలు పడకుండా.

బయటిదే. రెండు నెలలుగా ఆగి ఉన్న గొంతు, మొదట కొంచెం బిగుసుకుని, రెండో చరణానికి విప్పుకుంది. అండాలు కళ్లు మూసుకుని పాడుతోంది. తనకు వినపడదు, ఆ గొంతు. వీధి మొత్తానికి వినపడుతోంది. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

అందరూ తిరుగుతున్నారు, వంగి చప్పట్లు కొడుతున్నారు. బాలమణి మాత్రం ఆగిపోయింది. వలయంలో తన చోటు ఖాళీగా వదిలి, పక్కకు వచ్చి, చేతులు రెండూ గుండె దగ్గర పెట్టుకుని అక్కనే చూస్తోంది. స్వప్న పిలిచినా కదలడం లేదు.

ఏం వింటోందో. అక్కనా, అమ్మనా.

రేపు అడగాలి. అడగాలా...